సెలవు తెలియని ఇద్దరు, ఒక అలాస్కా ఓడ

మా కంపెనీలో సెలవులకి లెక్క లేదు. అంటే బోలెడు ఇస్తారని కాదు, "ఎన్ని కావాలంటే అన్ని తీసుకో" అంటారనమాట. ఆఫర్ లెటర్లో ఆ ముక్క చదివినప్పుడు ఎగిరి గంతేసాను. లెక్క లేని సెలవుని ఎవడూ వాడడని తర్వాత తెలిసింది. ఏడాదికి పదిహేను అని రాసుంటే పదిహేనూ వాడుకుంటాం, మన సొమ్ము కాబట్టి. ఎన్నైనా అనేసరికి పక్కవాడు ఎన్ని తీసుకున్నాడా అని చూస్తాం. వాడూ మనవైపే చూస్తుంటాడు. ఇద్దరం కలిసి సెలవు పెట్టకుండా ఏడాది దాటించేస్తాం. దానికి తోడు 2022 చివర్లో మొదలైన లేఆఫుల గాలి. వీసా మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది అరవై రోజులు. ఇక సెలవు మాటెత్తే ధైర్యం ఎవడికుంటుంది చెప్పండి.

అలా 2021లో చేరినవాణ్ణి 2024 జూన్ దాకా వారం రోజుల సెలవు ఒక్కటి కూడా పెట్టలేదు. పెట్టింది కూడా అమ్మానాన్నగారూ వచ్చారు కాబట్టి.

సియాటిల్‌లో ఉండేవాళ్లకి అలాస్కా ఓడ ప్రయాణం అంటే మనవైపు పాపికొండల లాంచీ లాంటిది. అందరూ వెళ్తారు, వచ్చి ఫోటోలు చూపిస్తారు. ఏడు రాత్రులు, ఆదివారం ఎక్కితే మళ్లీ ఆదివారం దిగడం. అమ్మకి చెప్తే "చలేస్తుందేమోరా" అంది. నాన్నగారు మాత్రం "ఎంతమంది ఎక్కుతారు ఆ ఓడలో?" అని అడిగారు. ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకు అప్పుడు తట్టలేదు.

మా నాన్నగారి గురించి కొంచెం చెప్పాలి.

ఆయన ఒక తెలుగు దినపత్రికకి మా మండలం విలేకరి. ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. ఈ తేడా చాలామందికి తెలీదు. కంట్రిబ్యూటర్‌కి జీతం ఉండదు, లైన్ అకౌంట్ ఉంటుంది. అచ్చయిన వార్తలన్నీ కత్తిరించి, కాగితాలకి అంటించి, స్కేలు పెట్టి కొలిచి, నెలాఖరుకి పంపిస్తే సెంటీమీటరుకి ఇంత అని లెక్కకట్టి ఇస్తారు. నేను స్కేలుతో కొలవడం నేర్చుకుంది బడిలో కాదు, మా ఇంటి అరుగు మీద నాన్నగారి వార్తల్ని కొలుస్తూ. ఫోటో కొలతలో వస్తుందా రాదా అని ఆయనకీ డెస్కుకీ ఏళ్ల తరబడి గొడవ.

1994లో మొదలుపెట్టారు. అప్పట్లో వార్త రాసి కవర్లో పెట్టి, మీద 'ప్రెస్ - అర్జెంట్' అని రాసి, రాజమండ్రి వెళ్లే ఆర్టీసీ బస్సు డ్రైవరు చేతికిచ్చేవారు. బస్సు తప్పిపోతే వార్తా పోయినట్టే. తర్వాత ఫ్యాక్స్ వచ్చింది, తర్వాత మెయిల్, ఆ తర్వాత వాట్సాప్. ఇవన్నీ మారినా ఒకటి మాత్రం మారలేదు. ఆయన ఊరు దాటేవారు కాదు. "మనం లేనప్పుడే ఏదో ఒకటి జరుగుద్దిరా" అనేవారు. జరిగింది కూడా. 2006 ఆగస్టులో నలుగురం తిరుపతి బయల్దేరాం. నేను నాలుగో తరగతి. రాజమండ్రి స్టేషన్లో బండి కోసం కూర్చుంటే గోదావరికి వరద పెరుగుతోందని ఎవరో అన్నారు. అంతే, మమ్మల్ని బండెక్కించి ఆయన వెనక్కెళ్లిపోయారు. బామ్మ, అమ్మ, నేనే గుండు గీయించుకుని వచ్చాం. అమ్మ ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుతుంది, బామ్మ లేకపోయినా.

2020లో కరోనా వచ్చినప్పుడు పత్రికలన్నీ జిల్లా పేజీలు తగ్గించేసాయి కదా. నాన్నగారికి ఒక ఫోన్ వచ్చింది. "ప్రస్తుతానికి ఆపండి, మళ్లీ చెప్తాం" అన్నారట. మళ్లీ ఎవరూ చెప్పలేదు. ఇరవయ్యారేళ్ల పని రెండు నిమిషాల కాల్‌తో అయిపోయింది. మనకి లేఆఫ్ అయితే కనీసం ఒక మెయిల్, చేతిలో కొంత డబ్బు పెడతారు. ఆయనకి ఆఖరి నెల లైన్ అకౌంటు కూడా సరిగ్గా రాలేదు.

ఆ తర్వాత ఆయన పెన్ను పట్టుకోలేదు. పేపరు చదువుతారు, మడిచి పక్కన పెడతారు, అంతే. అలాస్కా ప్లాన్ వెనక నా అసలు ఉద్దేశం అదే. జన్మలో సెలవు తీసుకోని మనిషిని తీసుకెళ్లి మంచుకొండల ముందు కూర్చోబెట్టాలని.

*

వీసా కథ క్లుప్తంగా చెప్తాను, వెళ్లాలనుకునేవాళ్లకి పనికొస్తుంది. సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగుతాం, మధ్యలో అలాస్కా, అంతా అమెరికానే కదా అనుకుంటాం. కానీ ఈ పెద్ద ఓడలన్నీ దాదాపు వేరే దేశాల జెండాలతో తిరుగుతాయి. అలాంటి ఓడ అమెరికా రేవుల మధ్యే తిరిగి ప్రయాణికుల్ని దింపకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. అందుకని మొక్కుబడిగా కెనడాలోని విక్టోరియాలో ఒక సాయంత్రం ఆగుతుంది. ఆ కాసేపటి కోసం మన పాస్‌పోర్టు వాళ్లకి కెనడా వీసా కావాలి. తిరిగొచ్చేటప్పుడు అమెరికాలోకి మళ్లీ రావడానికి మన కాగితాలు సరిపోతాయో లేదో కూడా ముందే చూసుకోవాలి. నూట ముప్ఫై ఎనిమిదేళ్ల నాటి లెగసీ కోడ్ అనమాట, తీసేద్దామంటే ఏది విరుగుతుందో అని ఎవరూ ముట్టుకోరు :)

నాన్నగారు మే 13న ఓటేసాకే విమానం ఎక్కుతానన్నారు. అలాగే ఎక్కారు. జూన్ 4న కౌంటింగ్ రాత్రంతా నా హాల్లో కూర్చుని చూసారు. జూన్ 16న ఓడెక్కాం.

ఎక్కగానే మొదటి పని భద్రత డ్రిల్లు. ప్రమాదం వస్తే ఏ అంతస్తులో ఎక్కడికి చేరాలో అక్కడికెళ్లి కనిపించాలి. లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. జనమంతా మొహమాటానికి ఒక నిమిషం నిలబడి బఫే వైపు పరిగెత్తారు. నాన్నగారు కదల్లేదు. జాకెట్ పట్టీలు తనే కట్టుకుని, విప్పి, మళ్లీ కట్టుకుని చూసారు. నా చేత ఆ సిబ్బంది అమ్మాయిని అడిగించారు, పిల్లల సైజు జాకెట్లు విడిగా ఉన్నాయా, ఎన్నున్నాయి, పడవలు మొత్తం జనానికి సరిపోతాయా అని. నేను మధ్యలో దుబాసీగా నిలబడి సిగ్గుతో చచ్చాను. ఆ అమ్మాయి మాత్రం నవ్వుతూ ఓపిగ్గా అన్నిటికీ చెప్పింది. టైటానిక్ మునిగాక 1914లో దేశాలన్నీ కలిసి ఒప్పందం రాసుకున్నాయని, అప్పటినుంచి అందరికీ పడవల్లో చోటుండాల్సిందేనని నేను నాకు తెలిసింది చెప్పాను. "అందరికీనా?" అన్నారు. "ఆ, అందరికీ" అన్నాను. జేబులోంచి ఓడవాళ్లు గదిలో పెట్టిన చిన్న కాగితాల పుస్తకం తీసి ఏదో రాసుకున్నారు.

నాలుగేళ్ల తర్వాత ఆయన రాయడం చూడటం అదే.

నాకు సంతోషం వేసుండాలి. నిజం చెప్పాలంటే చిరాకేసింది. సెలవుకి తీసుకొస్తే మళ్లీ విలేకరి అయిపోయాడేంటీయన అని.

*

మర్నాటినుంచి మొదలెట్టారు. భోజనాల దగ్గర మా బల్లకి వచ్చే కుర్రాడు ముంబయివైపు వాడు. నాన్నగారు తన దూరదర్శన్ హిందీతో వాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసారు. ఎనిమిది నెలల కాంట్రాక్టు. వారానికి ఒక రోజు సెలవు అనేదే లేదు. కూతురు పుట్టాక వాడు చూసింది ఫోన్లోనే. మా గది శుభ్రం చేసే అతను ఇండోనేషియా. అతనితో భాష కుదరకపోయినా చేతి సైగలతో ఎన్ని గదులు, ఎన్ని గంటలు అని రాబట్టారు. "ఏవండీ, పప్పు చల్లారిపోతోంది" అని అమ్మ. (ఆ పప్పు కూడా నాన్నగారు కుర్రాడితో మాట్లాడి వంటింట్లోంచి చేయించిందే. ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ ఓడలోకి రానివ్వరని సియాటిల్‌లోనే వదిలించాను, ఆ కోపం అమ్మకి విక్టోరియా దాకా తగ్గలేదు.)

జునో వచ్చింది. అలాస్కా రాజధాని. చుట్టూ కొండలు, మంచు, సముద్రం. బయటి ఊళ్లనుంచి అక్కడికి రోడ్డు లేదు, వస్తే ఓడలోనో విమానంలోనో రావాలి. ఆ మాట చెప్పగానే నాన్నగారు ఆగిపోయి, "వీళ్లకి రాజధాని ఉంది, రోడ్డు లేదు. మనకి రోడ్లున్నాయి..." అని మధ్యలో ఆపి నవ్వుకున్నారు. అదీ రాసుకున్నారు.

తర్వాత స్కాగ్‌వే. 1897, 98ల్లో బంగారం కోసం వేలమంది దిగిన రేవు. కొండ దాటి కెనడాలోకి వెళ్లాలంటే మనిషికి ఏడాదికి సరిపడా సరుకు ఉండాల్సిందేనని అక్కడి పోలీసులు పట్టుబట్టేవారట. మొత్తం టన్ను బరువు. దాన్ని విడతలు విడతలుగా వీపు మీద మోసారు. జాక్ లండన్ కూడా ఆ దారిన వెళ్లినవాడే. ఇరవయ్యొకటో ఏట 1897లో వెళ్లి, బంగారం దొరక్క, స్కర్వీ జబ్బుతో మర్నాడాది తిరిగొచ్చాడు. తెచ్చుకున్నవన్నీ కథలే. 1903లో వచ్చిన 'ది కాల్ ఆఫ్ ది వైల్డ్' ఆ సరుకే. ఇది చెప్తే నాన్నగారు "టన్ను మోసుకెళ్లి నోటుబుక్కుతో వచ్చాడనమాట" అన్నారు.

ఆ రాత్రి ఓడ లైబ్రరీలో కూర్చుని ఆయన కోసమే ఇంకొంచెం చదివాను. చదువుతుంటే తెలిసింది, ఈ దారిలో మనకంటే ముందు తిరిగినవాళ్లలో సగంమంది రాసి బతికినవాళ్లేనని.

జాన్ మ్యూర్ అని, అమెరికాలో అడవుల్ని కాపాడాలని పోరాడినవాళ్లలో పెద్ద పేరు. 1879లో ట్లింగిట్ తెగవాళ్ల పడవలో, వాళ్లు దారి చూపిస్తే, గ్లేసియర్ బేలోకి వెళ్లాడు. అప్పుడు ఆయన ఖర్చు ఎలా గడిచిందనుకున్నారు? శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక సాయంకాల పత్రికకి ఉత్తరాలు రాసేవాడు. ఆ ఉత్తరాలు చదివి జనానికి మోజు పుట్టింది. 1883లో ఒక స్టీమరు ప్రయాణికులతో ఆ బేలోకి వెళ్లింది. అందులో ఎలైజా సిడ్‌మోర్ అనే విలేకరి ఉంది. ఆవిడా పత్రికలకి రాసింది, 1885లో పుస్తకం వేసింది. ఆవిడ పేరు మీద అక్కడ ఒక హిమనదం కూడా ఉంది. వాషింగ్టన్‌లో వసంతంలో అందరూ ఫోటోలు దిగే చెర్రీ చెట్లు కూడా ఆవిడ ఏళ్ల తరబడి పట్టుబట్టడం వల్లే 1912లో వచ్చాయి.

1899 కథ ఇంకా బాగుంటుంది. హారిమన్ అని రైల్వేల ఆసామి. పని చేసి చేసి అలిసిపోతే డాక్టర్లు విశ్రాంతి తీసుకోమన్నారు. ఆయన విశ్రాంతి ఎలా తీసుకున్నాడంటే, జార్జ్ డబ్ల్యూ ఎల్డర్ అనే ఓడ సిద్ధం చేయించి, శాస్త్రవేత్తల్ని, చిత్రకారుల్ని, రచయితల్ని ఎక్కించి మే 31న సియాటిల్ నుంచి రెండు నెలలు అలాస్కా తిప్పుకొచ్చాడు. మ్యూర్ ఉన్నాడు, జాన్ బరోస్ ఉన్నాడు. ఇద్దరికీ అరవై దాటాయి. బరోస్‌కి ఇల్లు వదిలి రావడమే ఇష్టం లేదు, పైగా సముద్రం పడదు. అయినా ఆ యాత్ర చరిత్ర రాసే పని ఆయన నెత్తినే పడింది. సెలవని ఎక్కినవాళ్లు దిగాక ఏళ్ల తరబడి పుస్తకాల మీద పుస్తకాలు వేసారు. మ్యూర్ 1914 డిసెంబర్లో చనిపోయేనాటికి కూడా తన అలాస్కా పుస్తకం రాతప్రతి మీదే ఉన్నాడు. అది మరుసటేడు వచ్చింది.

పొద్దున కాఫీ దగ్గర ఇదంతా చెప్పాను. నాన్నగారు అన్నీ విని ఒకటే అన్నారు.

"అయితే మ్యూర్ గారు కూడా కంట్రిబ్యూటరే."

*

గురువారం గ్లేసియర్ బే. అసలు ప్రయాణం అంతా ఈ ఒక్క రోజు కోసమే. ఇది నేషనల్ పార్కు కాబట్టి రోజుకి రెండు పెద్ద ఓడలకి మించి రానివ్వరు. పొద్దున్నే పార్కు రేంజర్లు చిన్న పడవలో వచ్చి, నడుస్తున్న ఓడకి వేలాడే నిచ్చెన పట్టుకుని ఎక్కేసారు. రోజంతా మైకులో చెప్తూ ఉంటారు. 1794లో వాంకూవర్ మనుషులు వచ్చినప్పుడు ఇక్కడ బే అనేదే లేదు, మొత్తం మంచుగోడ. మ్యూర్ వచ్చేసరికి అది నలభై మైళ్ల దాకా వెనక్కెళ్లిపోయింది. అంతకుముందు మంచు ముందుకు తోసుకొచ్చి ట్లింగిట్ వాళ్ల ఊళ్లని తుడిచేసింది. వాళ్లు వెళ్లిపోయి వేరేచోట బతికి, 2016లో మళ్లీ అదే ఒడ్డున తమ తెగ ఇల్లు కట్టుకున్నారు. నాన్నగారు వినేది సగం అర్థమవుతూ, మిగతా సగం నన్ను అడుగుతూ రాసుకుంటూనే ఉన్నారు.

మధ్యాహ్నానికి ఓడ మార్జరీ హిమనదం ముందుకి చేరుతుందన్నారు. మైలు వెడల్పు మంచుగోడ, నీటిమీద రెండొందల యాభై అడుగుల ఎత్తు. అక్కడ ఓడ గంటసేపు మెల్లగా తిరుగుతూ నిలబడుతుంది.

సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. ఇంట్లో చెప్పింది ల్యాప్‌టాప్ తేలేదని. తెచ్చాను. సూట్‌కేసులో స్వెట్టర్ల కింద ఉంది. ఓడ వైఫై ఏడు రోజులకీ కొన్నాను, అమ్మకి చెప్పింది ఫోటోలు పంపడానికని. రోజూ రాత్రి వాళ్లు పడుకున్నాక స్లాక్ చూస్తూనే ఉన్నాను. ఆ రోజు ప్రొడక్షన్లో పేమెంట్ల సర్వీసు పడిపోయింది. ఆన్ కాల్ నేను కాదు. కానీ ఆ కోడ్ నాది. ఎవరూ నన్ను రమ్మనలేదు కూడా, ఒకడు నా పేరు తగిలించి "ఇది ఎవరికైనా తెలుసా" అన్నాడంతే. నేను "రెండు నిమిషాల్లో వస్తా నాన్నగారూ" అని గదిలోకి పరిగెత్తాను.

రెండు నిమిషాలు యాభై నిమిషాలయ్యాయి. మా గదికి కిటికీ లేదు (అది చవక). లాగ్స్ చూసి, నేను గోడకి తలకాయ బాదుకునేలోపు ఆన్ కాల్ కుర్రాడు పాత వెర్షన్‌కి వెనక్కి తిప్పేసాడు. అంతా సర్దుకుంది. "థాంక్స్, సెలవు ఎంజాయ్ చెయ్" అని మెసేజ్ పెట్టాడు. నేను చేసింది ఏమీ లేదు. మధ్యలో ఒకసారి నేల కింద నుంచి ఉరుములాగా వినిపించింది. ఇంజినేమో అనుకున్నాను.

పైకి వెళ్లేసరికి ఓడ వెనక్కి తిరుగుతోంది. అమ్మ కళ్లు మెరిసిపోతున్నాయి. "ఎక్కడికెళ్లావురా! గోడ సగం పడిపోయింది! మన అయిదంతస్తుల అపార్ట్‌మెంటంత ముక్క!" అంది. నీళ్లలో మంచుముక్కలు ఊగుతున్నాయి, ఒకదాని మీద సీల్ ఒకటి తల ఎత్తి చూస్తోంది. నాన్నగారు నావైపు చూడలేదు. రాసుకుంటున్నారు.

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలీక ఆయన మీద చూపించాను. "మీరైనా చూసారా నాన్నగారూ, లేకపోతే పుస్తకంలోనే తల పెట్టారా? సెలవుకొచ్చాం కదా, కాసేపు ఆపలేరా?" అన్నాను.

ఆయన పెన్ను మూత పెట్టి, "నీ ప్రొడక్షన్ లేచిందా?" అని అడిగారు.

అమ్మ ఇద్దర్నీ చూసి, "ఇద్దరూ ఒకటే. ఒకడు చెప్పి చేస్తాడు, ఒకడు దొంగతనంగా చేస్తాడు" అంది. అని లోపలికి వెళ్లిపోయింది.

*

జూన్లో అక్కడ రాత్రి పదయినా చీకటి పడదు. ఆ రాత్రి డెక్ మీద నాన్నగారు ఒక్కరే కూర్చుంటే వెళ్లి పక్కన కూర్చున్నాను. సారీ చెప్పడం మాకు అలవాటు లేదు. కాసేపు ఇద్దరం నీళ్లవైపు చూసాం. తర్వాత ఆయనే మొదలుపెట్టారు.

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో లాంచీ మునిగింది మీకు గుర్తుండే ఉంటుంది. పాపికొండలు చూడ్డానికి వెళ్లిన ఆదివారం లాంచీ. డెబ్బై ఏడు మంది ఎక్కితే ఇరవయ్యారు మంది బతికారు. బోటుని అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయారు. నాన్నగారు అన్ని రోజులూ బైకు మీద వెళ్లొస్తూ రాసారు. నేనప్పుడు అమెరికాకి కొత్త, ఫోన్లో "జాగ్రత్త" అనేవాణ్ణి. ఇంతవరకూ నాకు తెలుసు. తెలియంది ఆ రాత్రి చెప్పారు.

ఆ వేసవిలోనే ఆయన లాంచీల మీద ఒక వార్త రాసారట. జాకెట్లు ఉన్నా వేసుకోనివ్వట్లేదని, ఉక్కపోస్తోందని జనమే విప్పేస్తున్నారని, పిల్లల సైజు ఎక్కడా కనబడలేదని. రెండు రోజులు రేవుల్లో తిరిగి రాసారు. డెస్కులో జాగా లేక ఆరు సెంటీమీటర్లకి కోసారు. పిల్లల జాకెట్ల ముక్క పోయింది.

"ఆ ఆరు సెంటీమీటర్లకీ డబ్బులొచ్చాయిరా" అన్నారు. "సెప్టెంబర్ తర్వాత ఆ కటింగు తీసి చూస్తే... గట్టిగా అడగాల్సింది. జాగా లేదంటే మర్నాడు మళ్లీ పంపాల్సింది. పంపలేదు. పెళ్లి వార్తేదో ఉంటే అది రాసుకున్నాను."

"మీరు రాస్తే మాత్రం ఆగేదా నాన్నగారూ?"

"ఆగేదో లేదో. మళ్లీ పంపలేదు కదా. అదీ సంగతి."

వాళ్లు ఆపేయమన్నాక ఆయన రాయడం మానేసారని మేమందరం అనుకున్నాం. ఆయన మానేసింది అందుకు కాదు. ఫోన్ రావడం ఆయనకి ఒక సాకు దొరికినట్టయింది, అంతే. ఓడెక్కిన రోజు ఆ అమ్మాయిని "ఎన్ని జాకెట్లు" అని ఎందుకు అడిగారో అప్పటికి గానీ నా మట్టిబుర్రకి ఎక్కలేదు. సిగ్గుతో చచ్చానని పైన రాసాను చూడండి, ఇప్పుడు ఆ సిగ్గుకి సిగ్గేస్తోంది.

"మరి ఇక్కడ ఎందుకు మొదలెట్టారు?" అని అడిగాను.

"ఎవరూ కొలవరు కదా" అన్నారు.

తర్వాత పుస్తకం నా చేతికిచ్చారు. అలవాటు పోలేదు, పైన డేట్‌లైన్ కూడా ఉంది. గ్లేసియర్ బే, జూన్ 20. మంచు పడటం గురించి నాలుగు వాక్యాలే రాసారు. ముందు గోడ మీద పొడి లేచిందని, అప్పటికి చప్పుడు లేదని, ముక్క నీళ్లలో సగం మునిగాక అప్పుడు ఉరుము వచ్చిందని, మూడు వేలమంది జనం ఒక్క మాట మాట్లాడలేదని. శబ్దం కంటే వెలుతురు ముందొస్తుందని నేను ఇంటర్‌లో చదివి మార్కులు తెచ్చుకున్నాను. ఆయన చూసి రాసారు. నేను చూడని పదిహేను సెకన్లు నాకు ఇప్పుడు ఉన్నాయంటే ఆ నాలుగు వాక్యాల వల్లే.

*

అప్పటినుంచి ఆలోచిస్తున్నాను. సెలవులో పని చెయ్యకూడదని మనం తెగ చెప్పుకుంటాం. నేనూ అదే నమ్మి ఆయన మీద అరిచాను. కానీ ఆ మధ్యాహ్నం ఇద్దరం చేసింది ఒకటి కాదు. ఆయన రాస్తూ కూడా ఆ గోడ ముందే ఉన్నారు, రాస్తున్నారు కాబట్టి ఇంకా ఎక్కువ చూసారు. నేను కిటికీ లేని గదిలో, నన్నెవరూ పిలవని చోట, నేను లేకపోయినా సర్దుకునే పని ముందు కూర్చున్నాను. పని మీద ప్రేమతో వెళ్లానని చెప్తే అబద్ధం. లేకపోతే నన్ను మర్చిపోతారేమో అన్న భయంతో వెళ్లాను. మర్చిపోవాలనుకుంటే వాళ్లు ఎలాగూ మర్చిపోతారు. ఇరవయ్యారేళ్లు ఊరు దాటని మనిషికే రెండు నిమిషాల ఫోన్ వచ్చింది, నేనెంత.

మ్యూర్, సిడ్‌మోర్, బరోస్... వాళ్లెవరూ ఆ ఓడల్లో పని మానలేదు. మానాల్సిన పని వేరే ఉంది. దాన్ని మనం భయం అని పిలవకుండా బాధ్యత అని పిలుస్తున్నాం.

ఇలా అన్నానని రేపే నేను మారిపోతానని కాదు. ఆ మరుసటిరోజు కూడా చెయ్యి ఫోన్ మీదకే వెళ్లింది. కాకపోతే ల్యాప్‌టాప్‌ని అమ్మకి అప్పజెప్పాను. కెచికన్‌లో వానలో తడిసాం, ఏటికి ఎదురీదే సాల్మన్ చేపల కథలు విన్నాం. విక్టోరియాలో ఆ కాసేపూ అమ్మ పూలు చూసింది, రెండో విదేశం కూడా చూసేసానని చెల్లికి ఫోన్ చేసి చెప్పుకుంది.

సియాటిల్ వచ్చాక ఒక సాయంత్రం నాన్నగారు ఆ కాగితాలన్నీ తెల్ల పేపర్ల మీద శుభ్రంగా తిరగరాసారు. ఓడ కుర్రాడి ఎనిమిది నెలలు, రోడ్డు లేని రాజధాని, మంచుగోడ, చివర్లో జాకెట్లు. కచ్చులూరు ఉంది. పిల్లల జాకెట్ల ముక్క మొత్తం ఉంది, ఈసారి ఎవరూ కొయ్యలేదు. ఎక్కడికైనా పంపుదామా అంటే "చూద్దాం" అన్నారు. నేనే కూర్చుని టైప్ చేసాను.

టైప్ చేసి ప్రింట్ తీసి ఇచ్చాక, ఆయన కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ చూసి, "ఒరేయ్, ఇంట్లో స్కేలుందా?" అన్నారు.

లేదు. మర్నాడు వెళ్లి కొనుక్కొచ్చాను.